ఎండు లావెండర్ సంచులకు బూజు పడుతోంది, ఏం చేయాలి?

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా ఆడపడుచు జమ్మూ వెళ్లొస్తూ ఎండు లావెండర్ అరకిలో తెచ్చింది. (అక్కడ భదర్వా వైపు ఇప్పుడు బాగానే పండిస్తున్నారు.) పాత మంగళగిరి చీర కత్తిరించి అరచేతంత సంచులు పన్నెండు కుట్టి, పూలు నింపి, గుమ్మాలకీ కిటికీలకీ వేలాడదీశాను. మొదటి వారం ఇల్లంతా ఘుమఘుమ! మూడో వారానికల్లా సముద్రపు గాలికి సంచులు మెత్తబడ్డాయి. ఒకటి విప్పితే, వేళ్ల మధ్య నలిపితే గలగలలాడాల్సిన మొగ్గలు తడి తవుడులా అంటుకున్నాయి. అడుగున తెల్లటి బూజు కూడా. దాన్ని పారేశాను. మిగతావి ఎండలో పెడితే ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుందని భయం.

సంచిలో సిలికా జెల్ పొట్లం వేస్తే తేమతోపాటు వాసననీ లాగేస్తుందా? వట్టివేళ్ల ముక్కలు కలిపితే పరిమళం నిలుస్తుందని మా అత్తయ్య అంటున్నారు, పూర్ణా మార్కెట్లో దొరుకుతాయట. ఎంత పాళ్లలో కలపాలి? కొంత ఏటికొప్పాక లక్క భరిణెలో పోసి హాల్లో పెట్టాలనుంది. పైన లావెండర్ నూనె రెండు చుక్కలు వేస్తే లక్క రంగు చెడుతుందా?

తీరప్రాంతంలో ఉండి చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్. రూమ్ ఫ్రెషనర్ కొనుక్కోమని మాత్రం అనకండి, ఆ సలహా మా ఆయన రోజూ ఇస్తున్నారు.