వసతి గృహంలో యోగా నేర్పుతున్నా, శవాసనం దగ్గర ఇబ్బంది. సలహా చెప్పండి

మాది విజయనగరం. 2025లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన యోగాంధ్ర అనే యోగా కార్యక్రమం కోసం నెల రోజులు శిక్షణ తీసుకున్నాను. జూన్ 21, యోగా దినోత్సవం దాటాక అది అక్కడితో ఆగిపోవడం ఇష్టం లేక, ఆదివారం పొద్దున్నే నిరాశ్రయుల వసతి గృహానికి వెళ్లి నేర్పుతున్నాను. ఎనిమిది, పదిమంది వస్తారు. స్టేషన్ దగ్గర పడుకునేవాళ్లు, పైడితల్లమ్మ గుడి దగ్గర చెయ్యి చాపేవాళ్లు, పిల్లలు వదిలేసిన పెద్దవాళ్లు.

మెడ, భుజాలు తిప్పడం ఇష్టంగా చేస్తారు. శవాసనంలో, అంటే వెల్లకిలా కదలకుండా పడుకుని, కళ్లు మూసుకోమంటే మాత్రం ఎవరూ మూయరు. ఒకమ్మ తన గుడ్డసంచి పొట్టమీద పెట్టుకుని, దాని పట్టీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని పడుకుంటుంది. మొన్న "సంచి పక్కన పెట్టమ్మా" అన్నాను. లేచి వెళ్లిపోయింది. తర్వాతి వారం రాలేదు. చాలా బాధగా ఉంది. ఏం చేయాలి?

జవాబు 1
అమ్మా, ఆమెకున్న ఆస్తంతా ఆ సంచిలోనే ఉంటుంది. ఆధార్ కార్డు, మందులు, పెన్షన్ కాగితాలు. రోడ్డుమీద పడుకున్న మనిషికి కళ్లు మూయడమంటే దొంగకి దారివ్వడమే. సంచి ఒళ్లోనే ఉండనివ్వండి. పడుకోబెట్టకండి, గోడకి వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చోబెట్టండి. చూపు నేలమీద ఉంచితే చాలు. భంగిమ సరిచేయాలని ఒంటిమీద చెయ్యి వేయకండి, మీరు చేసి చూపించండి.

జవాబు 2
నేను ఇలాంటి చోటే పనిచేశాను. ఎన్‌యూఎల్‌ఎం (పట్టణ పేదల కోసం కేంద్రం తెచ్చిన జీవనోపాధి పథకం) కింద పెట్టిన వసతి గృహాలు 24 గంటలూ తెరిచి ఉండాలన్నది నియమం. కాబట్టి పొద్దున్నే అనే పట్టు వద్దు. కూలికి పోయేవాళ్లు సాయంత్రమే దొరుకుతారు. రాత్రి భోజనానికి ముందు పెట్టండి, కడుపు ఖాళీగానే ఉంటుంది. కానీ పొద్దుట్నుంచీ ఏమీ తినని మనిషి చేత మాత్రం చేయించకండి, కళ్లు తిరుగుతాయి. ముందు అడగండి.

జవాబు 3
బీపీ ఉన్నవాళ్లకి, హెర్నియా ఉన్నవాళ్లకి కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి వేగంగా వదలడం) వద్దండి. తల కిందికి వంచేవి కూడా బీపీ వాళ్లకి మానేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కుర్చీ వేయండి.

అడిగినవారు
అందరికీ దండాలు. ఈ ఆదివారం సాయంత్రం వెళ్లాను. ఆ అమ్మ వచ్చింది. నేనే ముందు వెళ్లి, "ఆ రోజు అలా అనకూడదు, తప్పయిపోయిందమ్మా" అన్నాను. ఏమీ అనలేదు. గోడవారగా కూర్చుంది, సంచి ఒళ్లో, కళ్లు తెరిచే. భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుమ్మని చేసే ప్రాణాయామం, మొదలుపెట్టేసరికి మెల్లగా ఆమె గొంతు కూడా కలిసింది. పట్టీ అయితే రెండు చుట్లూ అలాగే ఉంది.

ఇప్పుడు నాకు చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు ఆరు కావాలి. విజయనగరంలో ఎవరింట్లోనైనా వాడనివి ఉంటే చెప్పండి, నేనే ఆటోలో వచ్చి తీసుకెళ్తాను.