‘లూయీ లూయీ’: అచ్చు పాఠం, చెవి పాఠం

ప్రశ్న: ఒక రచనకు ప్రతులు వేరువేరుగా ఉన్నప్పుడు అసలు మాటలేవో తేల్చే పాఠ నిర్ణయం మీద మనం చేస్తున్న చర్చకు దగ్గరగా ఉందనిపించి అడుగుతున్నాను. ఒక పాటలోని మాటలేమిటో తేల్చలేక అమెరికా నేర పరిశోధన సంస్థ ఎఫ్‌బీఐ చేతులెత్తేసిందని అంటారు. ఇది నిజమేనా, పుకారా?

సమాధానం: నిజమేనండి. ఆ పాట ‘లూయీ లూయీ’. రిచర్డ్ బెర్రీ దానిని 1955లో రాసి, 1957లో తానే పాడి విడుదల చేశారు. జమైకాలో తన కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి గురించి ఒక నావికుడు బార్‌లో మద్యం పోసే లూయీతో చెప్పుకొనే మాటలే పాటంతా. మూడు రాత్రులూ పగళ్లూ ఓడ ప్రయాణం, ఆమె తలలో గులాబీ వాసన, ఇంతకు మించి అందులో ఏమీ లేదు. అయితే బెర్రీ ఆ నావికుడి నోట కరీబియన్ దీవుల యాసను తలపించే ఇంగ్లీషు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ‘నేను వెళ్లాలి’ అనవలసిన చోట ‘నన్ను వెళ్లాలి’ అన్నట్టు ఉంటుంది. అలాంటి వాక్యం సగమే వినబడితే, మిగిలిన సగాన్ని పూరించుకోవడానికి వినేవారికి వ్యాకరణం కూడా ఆసరా ఇవ్వదు.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ కుర్రాళ్ల బృందం కింగ్స్‌మెన్ 1963 ఏప్రిల్‌లో ఈ పాటను మళ్లీ రికార్డు చేసింది. గాయకుడు జాక్ ఈలీ పళ్లకు అప్పుడు క్లిప్పులున్నాయి. మైకును పైకప్పు నుంచి బాగా ఎత్తులో వేలాడదీయడం వల్ల ఆయన మెడ పైకెత్తి అరుస్తూ పాడవలసి వచ్చింది, వాద్యాల హోరులో మాట మునిగిపోయింది. ఆ ఏడాది చివరికి పాట అమెరికాలో ఆదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానానికి చేరేసరికి, ఇవే దాని అసలు మాటలంటూ బూతు పాఠాలు రాసిన కాగితాలు విద్యార్థుల చేతుల్లో తిరగసాగాయి. నిమిషానికి 45 చుట్ల వేగంతో తిప్పవలసిన రికార్డును 33 మీద తిప్పితే గుట్టు బయటపడుతుందని కూడా చెప్పుకొన్నారు.

నా దృష్టిలో అసలు కీలకం ఆ కాగితాల దగ్గరే ఉంది. చెవి తనంతట తాను విన్న బూతు కాదది, ముందు కాగితం చదివి ఆ తరువాత రికార్డు పెట్టుకొన్నవారికి అచ్చంగా అదే వినిపించింది. పైగా ఒక కాగితం మరొక కాగితంతో కలవదు. పాఠాంతరాలు, అంటే ఒకే రచనకు వేరువేరు పాఠాలు, కనబడితే వాటికొక మాతృక, అంటే మూలప్రతి, ఎక్కడో ఉండి తీరాలని తాళపత్రాల పని చేసేవారు అనుకొంటారు. ఇక్కడ ఆ తర్కం చెల్లదు, ఈ పాఠాంతరాలన్నీ మాతృక లేకుండానే పుట్టాయి.

1964 ఆరంభంలో అమెరికాలోని ఇండియానా రాష్ట్ర గవర్నరు మాథ్యూ వెల్ష్ ఇది అశ్లీలమని, రేడియోలో వేయవద్దని కోరారు. తమ బిడ్డ ఇంటికి తెచ్చిన రికార్డులోని మాటలు ఉత్తరంలో జతపరచలేనంత రోతగా ఉన్నాయంటూ అమెరికా న్యాయశాఖ అధిపతి అయిన అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీకి ఒకరు ఫిర్యాదు చేశారు. అశ్లీల సామగ్రిని రాష్ట్ర సరిహద్దులు దాటించడం నేరం కనుక ఎఫ్‌బీఐ రంగంలోకి దిగి, రికార్డును ప్రయోగశాలకు పంపింది. ఏ వేగంలో తిప్పినా మాటలు తెలియడం లేదని చివరకు తేల్చింది.

ప్రశ్న: ప్రచురణకర్త దగ్గర సాహిత్యం అచ్చులోనే ఉన్నప్పుడు ఇంత తతంగం ఎందుకు?

సమాధానం: ఆ సాహిత్యం ఎఫ్‌బీఐ చేతికీ వచ్చింది. అయితే రాసి ఉన్నదీ పాడినదీ ఒకటేనని అచ్చు కాగితం రుజువు చేయలేదు కదా, వారి అనుమానానికి అంతవరకు న్యాయం ఉంది. ఆ చిక్కు విప్పగలిగిన మనిషి ఒక్కరే, పాడిన జాక్ ఈలీ. 1963లోనే బృందాన్ని వదిలి వెళ్లిపోయిన ఆయనను వారు ప్రశ్నించనే లేదు. వ్రాయసకాడు బతికి ఉండగానే అతణ్ణి వదిలేసి, అక్షరాలను భూతద్దంలో చూస్తూ కూర్చోవడం లాంటిదిది.

ఇక, ఆ రికార్డులో ఒక దోషం నిజంగానే ఉంది, దానికీ బూతుకూ సంబంధం లేదు. నడుమ వచ్చే గిటారు వాద్యం అయ్యాక ఈలీ మూడో చరణాన్ని సమయానికి ముందే ఎత్తుకొని, పొరపాటు గ్రహించి ఆగిపోతారు. వెంటనే డ్రమ్మరు ఒక దరువు వేసి ఆ ఖాళీని పూడుస్తాడు. ఆ పాటను తరువాత పాడిన బృందాలలో కొన్ని ఈ తడబాటును కూడా పాఠంలో భాగంగానే స్వీకరించి, కావాలనే ముందే ఎత్తుకొని ఆగుతాయి.