మనం పుట్టకముందు నాటి పాటలు, బట్టలంటే ఇంత ఇష్టం ఎందుకు?

ముల్లుపాట: నేను ఇరవైల్లో ఉన్నాను. ఫోన్లో దొరకని పాటంటూ లేకపోయినా ఎక్కువగా వినేది ఎల్పీలే, అదే, తిరుగుతుంటే గాడిలో ముల్లు పెట్టి వినే పెద్ద రికార్డులు. బట్టల విషయంలోనూ అంతే, 1970ల నాటి బెల్ బాటమ్ ప్యాంట్లు, పెద్ద కాలర్ చొక్కాలు సెకండ్‌హ్యాండ్‌లో కనబడితే వదలను. ఫ్రెండ్సేమో "ఆ కాలంలో నువ్వు లేనే లేవు, నీకు జ్ఞాపకాలేంటి, ఇదంతా షో" అంటారు. షో కాదని నాకు తెలుసు, కానీ ఎందుకిష్టమో చెప్పమంటే సరిగ్గా చెప్పలేను. రికార్డు పెట్టి పక్క గదిలోకి వెళ్ళినా ధ్యాస దాని మీదే ఉంటుంది, అదే ఫోన్లో అయితే పాట ఎప్పుడు మారిందో కూడా తెలియదు. మీలో ఎవరికైనా ఇలా ఉందా? ఆ కాలం చూసినవాళ్ళదీ ఇదే ఇష్టమా, వేరేనా?

టేపురీలు: వాళ్ళ మాటలు పట్టించుకోకండి. ఆ కాలం చూసిన మాది వేరే సంగతి. ఒక పాత పాట వింటే పాట కంటే ముందు అప్పటి మనుషులు గుర్తొస్తారు, అందుకే మాకు మామూలు పాట కూడా గొప్పగా అనిపిస్తుంది. మీకా బంధం లేదు, పాటనీ వస్తువునీ చూసే ఇష్టపడుతున్నారు. నన్నడిగితే మీదే నిఖార్సయిన ఇష్టం.

ధ్యాస గురించి మీరన్నది మాత్రం ముమ్మాటికీ నిజం, దానికి కారణం రికార్డులోనే ఉంది. 1948లో వచ్చిన ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, ఒక్కో వైపు సుమారు 20 నిమిషాలు వస్తుంది, తర్వాత లేచి తిప్పాల్సిందే. ఇంకో విషయం గమనించారో లేదో, తిరిగే వేగం మారదు గానీ ముల్లు లోపలికి వెళ్ళేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, అంటే అదే ఒక్క సెకను పాటకి దొరికే గాడి పొడవు తగ్గిపోతుంది. అందుకే చివరి పాటలో 'స', 'ష' లాంటి శబ్దాలు కాస్త గరగరలాడతాయి. ఇది తెలిసే రికార్డులు చేసేవాళ్ళు చాలామంది హోరెత్తే పాటల్ని బయటి అంచు వైపు, నెమ్మదైనవాటిని లోపలి వైపు పెట్టేవాళ్ళు. పాటల వరస అలా కుదిరింది కాబట్టే ఒక వైపంతా మొదటినుంచి చివరిదాకా వినాలనిపిస్తుంది. మీ దగ్గరున్న రికార్డు ఏదైనా తీసి రెండు వైపులా చివరి పాటలేంటో చూడండి.

గళ్ళచొక్కా: కొంచెం అడ్డం వస్తున్నాను, ఏమనుకోకండి. "ఆ రోజుల్లో అన్నీ బాగుండేవి" అంటే నేను ఒప్పుకోను. బాగున్నవాటినే జనం దాచుకున్నారు, మిగతావి చెత్తలో పోయాయి, అందుకే ఇప్పుడు మన కంటబడేవన్నీ బాగున్నట్టుంటాయి. 70ల పాలిస్టర్ చొక్కా ఎండలో పూటంతా వేసుకుని చూస్తే తెలుస్తుంది, చెమట పీల్చదు, గాలి ఆడదు.

అయితే షో అనే మాట మాత్రం అన్యాయం. బెల్ బాటమ్ సంగతే తీసుకోండి, అది మొదట ఓడల్లో పనిచేసే నావికుల ప్యాంటు. 1960ల్లో కుర్రకారు నేవీ వాళ్ళు వదిలించుకున్న పాత సరుకు కొని వేసుకోవడం మొదలుపెడితే తర్వాత అదే ఫ్యాషనైపోయింది. అంటే మీరు ఇష్టపడే ఆ తరం కూడా తమకంటే పాతదాన్నే ఎత్తుకొచ్చింది! వాళ్ళనెవరూ షో అనలేదు కదా. పైగా మీరేం ఒంటరి కాదు, అమెరికాలో 2022లో ఎల్పీలు దాదాపు 4.1 కోట్లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే, 1987 తర్వాత రికార్డులు సీడీలని దాటడం అదే మొదటిసారి.

నారింజబటన్: నాకు వాక్‌మన్ పిచ్చి, అదే, వెంట తీసుకెళ్ళి హెడ్‌ఫోన్‌తో వినే చిన్న క్యాసెట్ ప్లేయర్. 1979లో సోనీ తెచ్చిన మొదటి వాక్‌మన్‌కి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాలు రెండుండేవి, ఇద్దరు కలిసి వినొచ్చని. పైన ఒక నారింజ రంగు బటన్, అది నొక్కితే పాట శబ్దం తగ్గి, మైకులోంచి పక్కనున్నవాళ్ళ మాట వినిపిస్తుంది. ఒంటరిగా వినడానికి చేసిన యంత్రంలో కూడా పక్క మనిషిని తలచుకున్నారు చూడండి, నాకు ఆ ఆలోచనంటేనే ప్రేమ. తర్వాత వచ్చిన మోడళ్ళలో అవి తీసేశారు, ఇప్పటికీ బాధే.

ముల్లుపాట: అందరికీ చాలా థ్యాంక్స్. రికార్డులు తీసి చూశాను, నిజంగానే రెండు వైపులా చివరిది నెమ్మదైన పాటే! నావికుల సంగతి అసలు తెలియదు. ఇంకో ప్రశ్న, తెలిసినవాళ్ళు పాత క్యాసెట్లు ఒక పెట్టె నిండా ఇచ్చారు, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదట. నేరుగా ప్లేయర్లో వేసేయొచ్చా?

టేపురీలు: వద్దండీ, ఆగండి. ముందు క్యాసెట్ కింది అంచు మధ్యలో టేపు వెనక చిన్న స్పాంజి లాంటి మెత్త ఉందో లేదో చూడండి. పాతవాటిలో జిగురు ఎండి అది ఊడిపోతుంది, అది లేకపోతే ప్లేయర్లో టేపుని చదివే భాగానికి, అంటే హెడ్‌కి, టేపు సరిగా ఆనక శబ్దం బొంగురుగా వస్తుంది. తర్వాత పెన్సిల్‌తో చక్రం మెల్లగా తిప్పండి, బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు. ప్లేయర్ కూడా పాతదే అయితే లోపలి రబ్బరు బెల్టు కరిగి బంకలా అయిందేమో విప్పి చూపించండి, మొదట పాడైనా పర్లేదనుకునే క్యాసెట్ వేసి చూశాకే మిగతావి వేయండి. క్యాసెట్ పై అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరగ్గొట్టి ఉంటే అతికించకండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాటలు చెరిగిపోకుండా ఎవరో జాగ్రత్తపడ్డారన్నమాట.