మాయమ్మకు ఇంట్లో మిషన్‌లో షుగర్ 220, హెచ్‌బీఏ1సీ మాత్రం 5.4, ఏది నమ్మాల?

పెన్నా_గట్టు, ప్రొద్దుటూరు:
అన్నలకు అక్కలకు నమస్తే. మాయమ్మకు 58 ఏండ్లు, షుగర్ వచ్చి ఆరేండ్లయితాంది. ఇంట్లో మిషన్‌లో పరగడుపున 150, 160, సంగటి తిన్న రెండు గంటలకు 220 పైనే వస్తాంది. పోయిన వారం హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, చేయిస్తే 5.4 అని ఇచ్చినారు. చూసినోళ్లంతా మీయమ్మకు షుగరే లేదు మాత్రలు దండగ అంటాండారు, మాయమ్మ అదే పట్టుకోని రెండు రోజుల నుంచి మాత్ర ముట్టలేదు, నాకేమో భయంగా ఉండాది, రాత్రి నాలుగు సార్లు లేస్తాంది, అరికాళ్లు మంటలంటాంది. రిపోర్టులో గ్రాఫ్ కింద వేరియంట్ విండో 38 శాతం అని ఏదో ఉండాది. కొత్త మిషన్ కొన్నా అదే లెక్క.

ల్యాబ్_అన్న, అనంతపురం:
తమ్ముడూ, ముందు అమ్మతో మాత్ర వేయించు, డాక్టరు చెప్పేదాకా ఆపొద్దు. ఆ 38 శాతమే అసలు సంగతి. ఎర్రకణాల్లో ఉండే ప్రొటీనే హిమోగ్లోబిన్, దానికంటిన చక్కెరనే హెచ్‌బీఏ1సీ కొలుస్తాది. మనకు మామూలుగా ఉండేది హిమోగ్లోబిన్ ఏ. కొందరికి అమ్మ నుంచో నాయన నుంచో ఒక జీన్ తేడాగా వచ్చి ఎస్, డి, ఇ అని ఇంకో రకం కూడా ఉంటాది, ఆ 38 శాతం అదే. ఒక్కరి నుంచే వస్తే ట్రెయిట్ అంటారు, దాంతో ఒంటికి ఇబ్బంది ఉండదు కాబట్టి చాలామందికి ఇట్లా షుగర్ టెస్టులోనే బయటపడతాది. ఏ1సీ చేసే హెచ్‌పీఎల్‌సీ అనే రకం మిషన్ ఏం చేస్తాదంటే హిమోగ్లోబిన్ రకాలను చార్జ్‌ను బట్టి విడదీసి చక్కెర అంటుకున్నది ఎంతో లెక్కగడతాది, వేరే రకానికి చార్జే వేరు, దానికంటిన చక్కెర ఇంకో చోట పడిపోతాది, అందుకే లెక్క తప్పుతాది, ఒక మిషన్‌లో తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ కూడా రావచ్చు. సరిగ్గా చూపే మిషన్లూ ఉన్నాయి.

నువ్వే చూడు, 5.4 అంటే సగటు షుగర్ 108 అని అర్థం. మీ ఇంట్లో సగటు 190 అనుకున్నా 8 దాటి రావాల. రేపు బూడిదరంగు మూత ట్యూబులో పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి ల్యాబ్‌లోనే తీయించు. డాక్టరును అడిగి ఫ్రక్టోసమైన్ చేయించు, అది రక్తంలో ప్రొటీన్లకు అంటిన చక్కెరను చూస్తాది, రెండు మూడు వారాల లెక్క చెప్తాది, హిమోగ్లోబిన్‌తో పనే లేదు. ఏ1సీనే కావాలంటే చార్జ్‌తో పని లేకుండా అంటిన చక్కెరను బట్టే లెక్కగట్టే బోరోనేట్ అఫినిటీ పద్ధతిలో చేస్తారేమో అడుగు. ఇట్లాంటి రిపోర్టు ఇచ్చేటప్పుడు ల్యాబ్‌వాళ్లు ఈ నంబరు నమ్మొద్దని ఒక్క ముక్క రాసి ఇయ్యాల, రాయకపోవడం తప్పే.

కందనవోలు_కోడలు, కర్నూలు:
మా ఇంట్లో దీనికి తిరగబడి జరిగింది. నాకు ఏ1సీ 6.8 వచ్చింది, షుగర్ అని రెండు రోజులు ఏడ్చినా. పరగడుపున చూస్తే 94. తీరా చూస్తే రక్తం 7.9, ఐరన్ లేదు. ఐరన్ తక్కువైతే ఎర్రకణాలు ఎక్కువ రోజులు తిరిగి చక్కెర ఎక్కువ అంటుకుంటాదని డాక్టరమ్మ చెప్పినారు, ఐరన్ మాత్రలు వాడినాక 5.6కు దిగింది. రక్తం ఎక్కించుకున్నా, కణాలు తొందరగా చచ్చిపోయే జబ్బున్నా కూడా ఏ1సీ తప్పుతాదంట. అమ్మకు రక్తం శాతం కూడా చూపించు తమ్ముడూ.

పెన్నా_గట్టు:
అన్నా, అయిపోయింది. ల్యాబ్‌లో పరగడుపున 158, తిన్నాక 226. హిమోగ్లోబిన్ డి ట్రెయిట్ అని తేలింది, రక్తం 11.8. డాక్టరు మాత్ర మార్చినాడు, ఇంక ఆ మిషన్‌లో ఏ1సీ చేయించొద్దు, ఫ్రక్టోసమైన్, ఇంట్లో చూసిన నంబర్లు రాసుకోని రాండి అన్నాడు. రిపోర్టు ఫైలు మీద పెద్దగా రాసిపెట్టినా, ఎవరు చూసినా తెలిసేట్టు. ఇంకొకటి అడగాల, మా చెల్లిని మా చిన్నమామకే ఇయ్యాలనుకుంటాండారు, ఇది పిల్లలకు వస్తాదా?

ల్యాబ్_అన్న, అనంతపురం:
అమ్మకు ఉండాది కాబట్టి నీకూ, చెల్లికీ సగం సగం అవకాశం, మామకూ ఉండొచ్చు. డి ఇద్దరి నుంచి వచ్చినా మామూలుగా పెద్ద జబ్బేం కాదు. కానీ డి, ఎస్ కలిస్తే ఎర్రకణాలు కొడవలి మాదిరి వంగిపోయే సికిల్ సెల్ జబ్బు లెక్కే. హిమోగ్లోబిన్ సరిగా తయారు కాని బీటా తలసేమియా అని ఇంకోటుంది, దాని ట్రెయిట్ ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు తలసేమియా మేజర్, అంటే మాటిమాటికీ రక్తం ఎక్కించాల్సిన జబ్బుతో బిడ్డ పుట్టే అవకాశం, మేనరికంలో అది ఇంకా చూసుకోవాల. ముహూర్తం పెట్టక ముందే ఇద్దరికీ ఊదా మూత ట్యూబులో రక్తం తీయించి హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ చేయించు, ఒక్కసారి చేస్తే చాలు జన్మలో మారదు.