ఆరోగ్యశాఖని పార్టీల చేతుల్లోంచి తీసి స్వతంత్ర బోర్డుకి అప్పగిస్తే?

వేళచ్చేరి వాసి:
చెన్నైలో ఉన్నవాళ్లకి అమ్మ మినీ క్లినిక్కులు గుర్తుండే ఉంటాయి. ఎన్నికలు దగ్గర పడుతుండగా 2020 డిసెంబర్‌లో తెరిచారు, ప్రభుత్వం మారాక 2022 జనవరికల్లా మూతపడ్డాయి. ఓమందూరార్ ఎస్టేట్‌లో కరుణానిధి కొత్త సెక్రటేరియట్ కట్టించారు, 2010లో ప్రధానే వచ్చి ప్రారంభించారు. మరుసటి ఏడాది గెలిచిన జయలలిత అందులో అడుగు పెట్టనన్నారు, 2014కి అది ఆసుపత్రి అయింది. ఆసుపత్రి మంచిదే, కాదనను. కానీ నగరంలో ఏ మూల వైద్యం అందడం లేదో లెక్కేసి పెట్టింది కాదు కదా! మన ఆంధ్రలో ఇంకా విడ్డూరం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ, తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ, ఆపైన వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, ఇప్పుడు మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డులకి రంగులు, కార్డులకి ఫొటోలు.

ఈ గోల లేకుండా డాక్టర్లు, నిపుణులతో ఒక బోర్డు వేసి, ఐదేళ్ల బడ్జెట్ ముందే ఇచ్చేస్తే ఏం పోతుంది?

పెరంబూర్ పిల్ల:
చాలా పోతుందండీ. 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి అన్నం పెట్టించింది ఏ నిపుణుల కమిటీ? జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టి. మన తెలుగాయనే, టీ నగర్‌కి ఆ పేరు ఆయనదే. 1982లో ఎమ్జీఆర్ దాన్ని రాష్ట్రమంతా పెంచితే డబ్బు దండగ అన్న చదువుకున్నవాళ్లు బోలెడుమంది. 2022లో స్టాలిన్ పొద్దుటి టిఫిన్ కూడా మొదలుపెట్టారు. ఓట్ల కోసమేనా అంటే, ఓట్ల కోసమే. అయితే ఏంటి? ఆకలితో బడికొచ్చే పిల్లాడి తల్లి ఓటు ముఖ్యమంత్రికి కావాలి, మీ బోర్డు మెంబరుకి అక్కర్లేదు.

వేళచ్చేరి వాసి:
టిఫిన్‌కి నేనేం అడ్డం పడటం లేదమ్మా. క్లినిక్కులు మూయడం గురించి మాట్లాడండి.

రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్:
ఇద్దరూ కనిపించే వాటి గురించే కొట్టుకుంటున్నారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరు గెలిచినా చెక్కుచెదరనివి చూశాను, అవి చెబుతాను. ఒకటి 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. అప్పట్లో ఆంధ్ర జిల్లాలూ మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి అది మనకీ వర్తించింది. రెండోది, ఇక్కడ ఆసుపత్రుల డాక్టర్లు వేరు, ప్రజారోగ్యం చూసే కేడర్ వేరు. నీళ్లలో క్లోరిన్, టీకాలు, దోమలు, అంటురోగాల లెక్క ఇవే వాళ్ల ఉద్యోగం. మూడోది మందుల కొనుగోలు. 1994లో పెట్టిన మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ రాష్ట్రం మొత్తానికి టెండర్లు పిలిచి కొంటుంది, ల్యాబ్‌లో పరీక్ష చేయించి గోదాములకి పంపుతుంది. ఏ ఆసుపత్రి ఎంత తీసుకుందో పాస్‌బుక్‌లో ఉంటుంది.

దీన్ని పెట్టింది అన్నాడీఎంకే, ఉంచింది డీఎంకే. ఎందుకు ముట్టుకోలేదంటారు? దాని మీద ఫొటో వేసుకునే చోటు లేదు బాబూ. జనం కంటపడేదాన్నే కూలుస్తారు.

నెల్లూరోడు (అంబత్తూర్):
మద్యం అమ్మే ప్రభుత్వ కంపెనీ టాస్మాక్ ఊసు ఎవరూ ఎత్తరేం? మద్యం చిల్లర అమ్మకం 2003 నుంచి పూర్తిగా ప్రభుత్వానిదే. ఏడాది ఆదాయం 40 వేల కోట్లు దాటింది. మద్యం షాపు లెక్క ఒక మంత్రిది, లివర్ చెడి స్టాన్లీ ఆసుపత్రిలో పడుకున్నవాడి లెక్క ఇంకో మంత్రిది. అన్నాడీఎంకే వచ్చినా డీఎంకే వచ్చినా 500 షాపులు మూశామని ప్రకటిస్తారు, ఆదాయం మాత్రం తగ్గదు.

మా జిల్లా దూబగుంటలో 1992లో సారా కొట్టు మూయించింది అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు. దెబ్బకి 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం. ఏ నిపుణుడి రిపోర్టూ కాదు దానికి కారణం. ఖజానా ఖాళీ అయిందని 1997లో చంద్రబాబు ఎత్తేశారు. అంటే తెచ్చిందీ రాజకీయమే, తీసిందీ రాజకీయమే. అందుకే బోర్డుకా, పార్టీలకా, నేను ఎటు ఓటెయ్యాలో తెలియక ఊరికే కూర్చున్నా.

వేళచ్చేరి వాసి:
నిషేధం పెడితే కల్తీ సారా వస్తుందన్నా. కళ్లకురిచ్చి చూశాం కదా.

నెల్లూరోడు (అంబత్తూర్):
2024 జూన్‌లో అక్కడ 60 మందికి పైగా పోయారు. రాష్ట్రంలో నిషేధమే లేదు! టాస్మాక్ రేటు కూలివాడికి అందక ప్యాకెట్ సారా తాగాడు. ఆ ఉదాహరణ మీ వైపుకి రాదు.

పెరంబూర్ పిల్ల:
అసలు మీరడిగిన బోర్డు పాలన చెన్నై ఒకసారి చూసేసింది. 2016 అక్టోబర్‌లో కార్పొరేషన్ గడువు అయిపోతే 2022 ఫిబ్రవరి దాకా ఎన్నికలే పెట్టలేదు. ఐదేళ్లకు పైగా కౌన్సిలర్ లేడు, అంతా ఆఫీసర్లే. వీధిలో మురుగు పొంగితే యాప్‌లో ఫిర్యాదు పెట్టాం, 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చేది, మురుగు మాత్రం అక్కడే. కౌన్సిలర్ అయితే ఇంటిముందు నిలబడి అరవొచ్చు. ఆఫీసర్‌ని ఎక్కడని వెతకాలి?

ఇంకోటి. 2025 ఆగస్టులో కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు పారిశుద్ధ్య కార్మికులు కూర్చున్నారు, గుర్తుందా? వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో. రాయపురం, తిరు వి క నగర్ జోన్లలో చెత్త పని ప్రైవేటుకి ఇవ్వొద్దు, జీతం తగ్గుతుంది, మమ్మల్ని పర్మనెంట్ చెయ్యండి అన్నారు. 13వ తేదీ రాత్రి పోలీసులు ఎత్తుకెళ్లారు. మర్నాడు మంత్రివర్గం ప్రకటించింది: ఉచిత టిఫిన్, బీమా, ఊపిరితిత్తుల, చర్మ జబ్బులకి ప్రత్యేక వైద్యం. జబ్బు రాకుండా ఉండే ఉద్యోగం అడిగితే జబ్బు వచ్చాక వైద్యం ఇచ్చారు.

వేళచ్చేరి వాసి:
చూశారా, రాజకీయం చేసిన పనే కదా అది!

పెరంబూర్ పిల్ల:
మీ బోర్డు కూడా ప్రైవేటుకే ఇచ్చేది, పక్కన కన్సల్టెంట్ రిపోర్టు ఒకటి జతచేసి. వాళ్ల ముందు 13 రోజులు ధర్నా చేసినా టిఫిన్ కూడా రాదు.

రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్:
అమ్మాయి కరెక్టే కానీ ఒక మాట. కౌన్సిలర్లు ఉన్న రోజుల్లో దోమల మందు బండి ముందు ఎవరి వీధికి వెళ్లాలో నాకు ఫోన్లు వచ్చేవి. లార్వా ఎక్కడుందని అడిగినవాడు లేడు. పొగ కొడితే జనానికి కనిపిస్తుంది, నీళ్ల డ్రమ్ముకి మూత పెట్టిస్తే కనిపించదు. డెంగీ తగ్గేది మూతతోనే.

వేళచ్చేరి వాసి:
సరే, బోర్డు మాట పూర్తిగా వదులుకోను. మందుల కొనుగోలు, పథకాల పేర్లు, ఒక ప్రభుత్వం తెరిచిన క్లినిక్ ఇంకో ప్రభుత్వం మూయాలంటే అనుమతి, ఇంతవరకు బోర్డుకి ఇద్దాం. చెత్త, మురుగు కౌన్సిలర్ దగ్గరే ఉండనివ్వండి. టాస్మాక్ ఎవరికివ్వాలో మీరే చెప్పండి.

నెల్లూరోడు (అంబత్తూర్):
ఆరోగ్య మంత్రికి. మద్యం ఆదాయం, లివర్ వార్డు ఖర్చు రెండూ అసెంబ్లీలో ఒకే మనిషి నిలబడి చదవాలి.