మయోర్కా పల్లెల్లో అమ్మానాన్నలతో బస: కారు లేకుండా వీలవుతుందా?

ప్రశ్న (తార్నాక నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో అమ్మానాన్నలను స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. సముద్రతీరంలోని పెద్ద హోటళ్లు కాకుండా, తోటల నడుమ ఉన్న పాత రైతు ఇంటిని హోటలుగా మార్చిన చోట ఒక వారం ఉండాలని మా కోరిక. నాన్నగారికి ఊళ్లు చుట్టబెట్టే యాత్రలు ఇష్టం లేదు. పొద్దున చెట్ల కింద నడక, మధ్యాహ్నం పుస్తకం, సాయంత్రం ఎవరితోనైనా నాలుగు మాటలు ఉంటే చాలంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా తినదు. నాకు అక్కడి రోడ్ల మీద కుడివైపున బండి నడిపే ధైర్యం లేదు. ఇలాంటి పరిస్థితిలో ఆ పల్లె బస మాకు సరిపడుతుందా?

సమాధానం (మల్కాజిగిరి నుంచి)

తప్పకుండా సరిపడుతుంది. అయితే హోటలును గదుల ఫొటోలు చూసి ఎంచుకోకండి, దాని గేటు నుంచి నడిచి ఎక్కడికి చేరగలరో చూసి ఎంచుకోండి. కారు లేనివారికి ఊరికి దూరంగా కొండ మీదున్న ఇల్లు ఎంత అందంగా ఉన్నా రెండో రోజుకే బందిఖానా అవుతుంది.

మేము సోయేర్ లోయలో, ఊరి కూడలికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నాము. చుట్టూ నారింజ, నిమ్మ తోటలు. వాటి పైన, సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడల ఆసరాతో మెట్లు మెట్లుగా సాగే ఆలివ్ తోటలు. తరతరాల రైతులు కట్టిన ఆ గోడల వల్లనే, నీటిని పంచే కాలువల వల్లనే త్రముంతానా పర్వతశ్రేణిని యునెస్కో 2011లో సాంస్కృతిక భూదృశ్యంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉదయం ఫలహారానికి కూర్చుంటే వంటింటి దూలానికి గుత్తులుగా వేలాడదీసిన చిన్న టమాటాలు కనిపించేవి. ఇంటావిడ ఒకటి కోసి, రొట్టె ముక్క మీద గుజ్జంతా అంటేలా రుద్ది, ఆలివ్ నూనె పోసి, ఉప్పు చల్లి ఇచ్చేవారు. గొర్రెల మెడ గంటలు, కోడి కూత తప్ప అక్కడ వేరే చప్పుడు ఉండేది కాదు.

ద్వీప రాజధాని పాల్మా నగరం నుంచి సోయేర్‌కు బస్సులో సుమారు అరగంట ప్రయాణం. 1912 నుంచి నడుస్తున్న కొయ్య పెట్టెల రైలు కూడా ఉంది. కొండ సొరంగాలు దాటి గంటలో చేరుస్తుంది, నాన్నగారికి తప్పక నచ్చుతుంది. ఊరి నుంచి రేవుకు 1913 నాటి ట్రామ్ లైను ఉంది కనుక సముద్రం చూడడానికీ కారు అక్కరలేదు.

గది తీసుకునే ముందు హోటలువారికి రాసి అడగండి: అమ్మగారికి కింది అంతస్తు గది ఇస్తారా, ఎందుకంటే పాత ఇళ్లలో రాతి మెట్లే తప్ప లిఫ్టు ఉండకపోవచ్చు, రాత్రి భోజనం రోజూ వండుతారా, ఆ తేదీలలో పెళ్లి విందులేమైనా ఉన్నాయా. ఈ తోట ఇళ్లను పెళ్లిళ్లకు అద్దెకిచ్చే అలవాటు అక్కడా ఉంది, ఆ రాత్రి ప్రశాంతత ఆశించలేము.

సమాధానం (వనస్థలిపురం నుంచి)

పై మిత్రుల సూచనలో ఒక్క మార్పు చెబుతాను. మోకాళ్ల నొప్పులున్నవారికి కొండ లోయ కన్నా ద్వీపం మధ్యలోని మైదానమే మేలని నా అభిప్రాయం. సోయేర్‌లో పగటి పూట రైలు దిగే సందర్శకుల రద్దీ కూడా ఉంటుంది. మైదానంలోని సినేవ్ ఊరికి పాల్మా నుంచి మామూలు రైలు ఉంది, బుధవారం సంత జరుగుతుంది. కూరగాయలతో పాటు పశువులనూ అమ్మే ఆ సంతలో నాన్నగారికి పొద్దు తెలియదు.

భోజనం విషయంలో జాగ్రత్త అవసరం. వంకాయ, బంగాళాదుంప, ఎర్ర మిరప ముక్కలను నూనెలో వేయించి టమాటా గుజ్జు పోసే ‘తుంబెత్’ అమ్మగారికి హాయిగా సరిపోతుంది. అందరూ రుచి చూడమనే ‘ఎన్సాయ్‌మాదా’ అనే చుట్టల రొట్టెను మాత్రం పంది కొవ్వుతో చేస్తారు, చూస్తే ఆ సంగతి తెలియదు. మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు తినరని స్పానిష్‌లో ఒక కాగితం మీద రాయించుకుని వంటవారికి చూపించండి.

సమాధానం (మెహిదీపట్నం నుంచి)

స్పెయిన్‌తో పాటు ఐరోపాలోని చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. వేసవి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కనుక ఆలస్యం చేయకండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి. బస పన్ను అని రాత్రికి మనిషికి కొంత మొత్తం హోటలులో విడిగా కట్టాలి.

ప్రశ్న అడిగినవారు (తార్నాక నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. అమ్మ మోకాళ్లను దృష్టిలో ఉంచుకుని సినేవ్ పరిసరాలలోనే వెతుకుతాను, సోయేర్‌కు ఒక పూట రైలులో వెళ్లి వస్తాము. ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు తీసుకువెళ్లవచ్చా?

సమాధానం (వనస్థలిపురం నుంచి)

గట్టిగా మూత బిగించి చెక్-ఇన్ సామానులో పెడితే ఆవకాయ, కందిపొడి, కారప్పొడి తీసుకువెళ్లవచ్చు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల ప్రయాణికులు తీసుకురాకూడదు కనుక నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా తగిన ధ్రువపత్రం లేకుండా అనుమతించరు. నెయ్యి లేకపోయినా కందిపొడిలోకి అక్కడి ఆలివ్ నూనె బాగా కుదురుతుంది.