చిన్న విలాస నౌకల్లో డెబ్బై దాటినవారు ఇమడగలరా?

ప్రశ్న: మద్రాసు మేష్టారు (అణ్ణానగర్, చెన్నై)

అందరికీ నమస్కారం. నాకు 73 ఏళ్ళు, నా భార్యకు 69. వచ్చే ఏడాది మా వివాహానికి 50 ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భంగా మమ్మల్ని గ్రీసు, క్రొయేషియా తీరాల వెంట తిరిగే, రెండు వందల మందికి మించి ఎక్కని ఒక చిన్న విలాస నౌకలో పది రోజులు పంపాలని బెంగళూరులో ఉంటున్న మా పిల్లలిద్దరూ పట్టుబడుతున్నారు. ఖర్చు వారే పెట్టుకుంటామంటున్నారు కనుక నా సందేహం డబ్బు గురించి కాదు.

వారు పంపిన చిత్రాలన్నింటిలోనూ ముప్పై ఏళ్ళ జంటలే డెక్ మీద నిలబడి కనిపిస్తున్నాయి. వేల మంది ఎక్కే పెద్ద ఓడలో ఎవరు ఏ మూల కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు. చిన్న ఓడలో మాత్రం పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా అవే ముఖాలు ఎదురవుతాయి. అటువంటి చోట మేము ఎరగని వారింటి పెళ్ళికి వెళ్ళినట్టు పది రోజులూ ముళ్ళ మీద కూర్చోవలసి వస్తుందేమోనని బెంగగా ఉంది. నా భార్యకు రెండేళ్ళ క్రితం మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఆమె గుడ్డు కూడా తినరు. ఇంగ్లీషు అర్థమవుతుంది గాని మాట్లాడడానికి సంకోచిస్తారు. ఇటువంటి ప్రయాణం చేసిన పెద్దలెవరైనా ఉంటే తమ అనుభవం దయచేసి తెలియజేయగలరు.

జవాబు: కపాలి గుడి వీధి (మైలాపూరు)

మేష్టారు గారికి నమస్కారం. నేనూ మావారూ రెండేళ్ళ క్రితం క్రొయేషియా తీరాన ఉన్న ఏడ్రియాటిక్ సముద్రంలో దాదాపు నూట యాభై మంది ఉన్న ఓడలో ఎనిమిది రోజులు ప్రయాణం చేశాము. అప్పటికి నాకు 66, ఆయనకు 71. మీ భయమే మాకూ ఉండేది. ఓడ ఎక్కిన సాయంత్రం చుట్టూ చూస్తే సగానికి పైగా మా ఈడువారే, మాకంటే పెద్దవారూ చాలామంది ఉన్నారు. బడి ఈడు పిల్లలున్నవారికి అంత పొడుగు సెలవు దొరకదు, దొరికినా అంత ఖర్చు పెట్టడం అందరికీ సాధ్యం కాదు కనుక ఇటువంటి ఓడల్లో ఉద్యోగ విరమణ చేసినవారే ఎక్కువగా కనిపిస్తారు. ఎనభై దాటిన ఒక స్కాట్లండ్ ఆవిడ చేతికర్రతో ఒంటరిగా వచ్చి, అందరికంటే ముందు రేవులో దిగేది. రాత్రి పది దాటితే పియానో తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు.

అయితే వయస్సు కలిసినంత మాత్రాన స్నేహాలు కలవవు. మొదటి రెండు రోజులు మేమిద్దరమే చిన్న బల్ల దగ్గర కూర్చుని తిని గదికి వచ్చేసేవాళ్ళం. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. మూడో రోజు భోజనశాల చూసుకునే అతను, ఎనిమిది మంది కూర్చునే బల్ల దగ్గరకు వస్తారా అని అడిగాడు. ఆ పూటతో మా ప్రయాణం మారిపోయింది. ఇటువంటి చాలా ఓడల్లో ఎవరి కుర్చీ వారికంటూ ఉండదు, ఎక్కడైనా కూర్చోవచ్చు. కాబట్టి మొదటి రోజే పెద్ద బల్ల అడగండి. మీ భార్యగారి మాట గురించి చింతించవద్దు. నేను కట్టుకున్న మంగళగిరి చీర గురించి, కుచ్చిళ్ళ గురించి వాళ్ళే అడిగేవారు. నేను చేత్తో చూపిస్తూ చెప్పేదాన్ని. మనవల ఫోటోలు చూపించుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు.

భోజనం విషయంలో మాత్రం ముందుగా గట్టిగా చెప్పాలి. వాళ్ళ లెక్కలో శాకాహారమంటే గుడ్డు ఉండవచ్చు, కూరగాయల సూపును కోడి ఎముకలు మరిగించిన నీళ్ళతో చేయవచ్చు. అందుచేత ఏవేవి తినరో విడివిడిగా రాసి కనీసం రెండు నెలల ముందు ఏజెంటు ద్వారా పంపించండి. చిన్న ఓడలో వంటవారు మనిషిని గుర్తుపెట్టుకుంటారు. మాకు రోజూ ఒక పప్పు వండిపెట్టారు. కందిపొడి, కరివేపాకు పొడి తీసుకువెళ్ళండి. నెయ్యి సీసా మాత్రం వద్దు. పాల పదార్థాలను సామానులో తేవడాన్ని ఐరోపా సమాఖ్య అనుమతించదు.

జవాబు: ఇంజను గది (రాయపురం)

మేష్టారూ, నేను ముప్పై ఏళ్ళకు పైగా సరుకు రవాణా ఓడల్లో మెరైన్ ఇంజనీరుగా పనిచేశాను. పై సోదరి గారు మనుషుల గురించి చెప్పినదంతా నిజమే. నా భయం ఓడ గురించి.

మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, లిఫ్టు ఉందా అన్నది. చిన్న ఓడలన్నింటిలోనూ లిఫ్టు ఉంటుందనుకోవద్దు. ఉదాహరణకు విండ్‌స్టార్ సంస్థవారి తెరచాప ఓడల్లో విండ్ స్టార్, విండ్ స్పిరిట్ అనే రెండు చిన్న నౌకలకు లిఫ్టు లేదు. 148 మంది ప్రయాణికులు ఎక్కే ఆ ఓడల్లో భోజనానికైనా డెక్ మీదకైనా మెట్లెక్కే వెళ్ళాలి. రెండవది, ఏయే రేవుల్లో ఓడ గట్టుకు ఆనుతుంది, ఎక్కడెక్కడ కొంత దూరంలోనే ఆగి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు అన్నది. ఆ చిన్న పడవను టెండర్ అంటారు. అల ఉన్నప్పుడు అది ఒక అడుగు లేస్తుంది, ఒక అడుగు దిగుతుంది. అది పైకి లేచిన క్షణం చూసి కాలు పెట్టాలి. ఇద్దరు నావికులు చేతులు పట్టుకుంటారు, అయినా మార్పిడి చేసిన మోకాలికి అది పరీక్షే. గ్రీసు దీవి సాంటొరీనిలో క్రూజ్ ఓడలు సాధారణంగా గట్టుకు ఆనవు, టెండర్‌లోనే ఒడ్డుకు వెళ్ళాలి, పైగా పాత రేవు నుంచి ఫిరా ఊరికి 588 మెట్లు. రోప్‌వే ఉంది కనుక మెట్ల బాధ తప్పుతుంది గాని, పెద్ద ఓడలు వచ్చిన రోజున ఆ వరుసలో చాలాసేపు నిలబడవలసి ఉంటుంది.

మూడవది వైద్యుడు. 2006 నాటి సముద్ర కార్మికుల ఒడంబడిక ప్రకారం, సిబ్బందితో కలిపి వందమంది లేక అంతకు మించి ఉండి, సాధారణంగా మూడు రోజులు దాటే అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలో అర్హుడైన డాక్టరు ఉండాలి. అంతకంటే చిన్న పడవ లాంటి నౌకను ఎంచుకుంటే ఆ నిబంధన వర్తించదు. మీ వయస్సువారికి నేను ఆ చిన్న నౌకలను సిఫారసు చేయను. ఓడలో వైద్యానికి విడిగా రుసుము ఉంటుంది. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి. ఆ వీసాకు 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పనిసరి, కాని దానితో సరిపెట్టుకోకుండా సముద్రం మీది నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చును కూడా భరించే పాలసీ తీసుకోండి. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది, మోంటెనీగ్రో చేరలేదు. మీ ఓడ మధ్యలో మోంటెనీగ్రో రేవైన కోటోర్‌లో ఆగేటట్లయితే ఒకసారి బయటికి వెళ్ళి తిరిగి వచ్చినట్టే లెక్క, కాబట్టి ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లే వీసా అడగాలి.

ఊగడం సంగతి కూడా చెప్పాలి. చిన్న ఓడ పెద్ద ఓడ కంటే ఎక్కువ ఊగుతుంది. ఊపును తగ్గించే ఫిన్ స్టెబిలైజర్లు ఉంటాయి గాని, సాధారణంగా అవి ఓడ నడుస్తున్నప్పుడే బాగా పనిచేస్తాయి. లంగరు వేశాక అంత ప్రయోజనం ఉండదు. కనుక కింది డెక్‌లో, ఓడ పొడవుకు నడుమన ఉన్న క్యాబిన్ తీసుకోండి. పైఅంతస్తు బాల్కనీ గదికి డబ్బు ఎక్కువ, ఊపూ ఎక్కువే. గ్రీసు తూర్పున ఉన్న ఈజియన్ సముద్రంలో జూలై, ఆగస్టు నెలల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి బలంగా వీస్తుంది. ఆ రెండు నెలలూ వదిలేయండి. వాంతుల మాత్రల వల్ల పెద్దవారికి మగత, తూలు వస్తాయి కాబట్టి మీ డాక్టరును అడగకుండా ఏదీ వేసుకోవద్దు.

ఇంత చెప్పినా నేను వెళ్ళమనే అంటాను. గ్రీసులో దాదాపు 6.3 కిలోమీటర్ల పొడవున్న కోరింత్ కాలువ అడుగున 21 మీటర్ల వెడల్పే ఉంటుంది. రెండు పక్కలా నిలువు రాతిగోడలు. పెద్ద క్రూజ్ ఓడలు అందులో పట్టవు. మీ దారిలో ఆ కాలువ ఉంటే మాత్రం ఆ పూట నిద్రపోవద్దు.

జవాబు: వేళచ్చేరి అబ్బాయి

మాస్టారు గారూ, ఒక చిన్న సూచన. అంత దూరం వెళ్ళే ముందు అమ్మగారికి సముద్రం పడుతుందో లేదో ఇక్కడే చూసుకోవచ్చు. కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో చెన్నై రేవు నుంచి ప్రయాణాలు మొదలుపెట్టింది. అది మన రేవుకు వచ్చే నెలలు కనుక్కుని రెండు రాత్రుల ప్రయాణం చేయించండి. 76 ఏళ్ళ మా అమ్మను ఒక పెద్ద ఓడలో తీసుకువెళ్ళినప్పుడు ఆవిడకు కడుపులో తిప్పలేదు గాని, గది నుంచి భోజనశాలకు నడిచే దూరానికీ, రాత్రి పాటల హోరుకూ అలసిపోయింది. ఆ లెక్కన చిన్న ఓడే మీకు సుఖమనిపిస్తుంది.

మద్రాసు మేష్టారు (తిరిగి)

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఈ జవాబులను నా భార్యకు చదివి వినిపించాను. ఇంజనీరు గారు చెప్పిన ప్రకారం జూలై, ఆగస్టులు వదిలి సెప్టెంబరు చివరి వారం అనుకుంటున్నాము. లిఫ్టు, డాక్టరు, టెండర్ పడవలు ఉన్న రేవుల పట్టిక, ఈ మూడింటి గురించి ఏజెంటు రాతపూర్వకంగా జవాబిచ్చాకే అడ్వాన్సు కట్టమని పిల్లలకు చెప్పాను. సాంటొరీనిలో అల ఎక్కువగా ఉంటే దిగకుండా డెక్ మీదే కూర్చుని ఊరిని చూస్తామని ఇద్దరం ముందే ఒప్పందానికి వచ్చాము.

మైలాపూరు సోదరి గారికి నా భార్య ఒక ప్రశ్న అడగమన్నారు. పెళ్ళినాటి కంచిపట్టు చీర ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. ఓడలో ఒక రాత్రి అది కట్టుకోవాలని ఆమె కోరిక. సముద్రపు తడిగాలికి జరీ నల్లబడుతుందా, అక్కడ ఇస్త్రీ చేసేవారికి పట్టు అప్పగించవచ్చా అన్నది మీరు చెప్పగలిగితే ఆమె సంతోషిస్తారు.